కోదాడ కందులు, మిర్యాలగూడ జొన్నలు

మా ఆయన పోయిన మరుసటేడు ఈ ప్రయాణం పడ్డది. పాతరల దాచిన విత్తనం ఊర్ల గడబిడల ఎవరెవరో దోచుకపోయిన్రు. "మృగశిరకు గింజ పడకపోతే చెలక నేనే దున్నుకుంట, వదినా" అన్నడు మరిది. ఆయన నాగలి దిగిందంటే ఇగ ఆ చెలక నాది కాదు.

పొద్దుగాల సూర్యాపేటల బొగ్గుతోని నడిచే బస్సు ఎక్కిన. చివ్వెంల దాటంగనే ఆగింది. అందరం దిగి నెట్టినం. పక్కన ముసలమ్మ అడిగింది, "ఖాళీ సంచి పట్కొని ఏడికి, బిడ్డా?"

"నింపుకరానీకి."

"గీ కాలంల నింపెటోళ్లు ఉన్నరా? జర నాకు గూడ చెప్పరాదు" అని నవ్వింది.

పగటాల్లకు కోదాడ. తమ్ముడు కందుల కుండ ముందర పెట్టిండు. దోసెట్ల తీసి సూస్తే గింజ గింజకు తెల్లచుక్క. పుచ్చుపురుగు గుడ్లు. కొన్నిటికి గుండ్రటి బొక్కలు గూడ పడ్డయి. "తినేదానికని పెట్టాం అక్కా, బూడిద కలపలేదు" అన్నడు. వాని తప్పేముంది.

గరిడేపల్లి మీదికెల్లి పోయే ఎడ్లబండి దొరికింది. రెండు రాత్రులు తొవ్వల పండుకొని, పగటాల్లకు మిర్యాలగూడల ఆడబిడ్డ ఇంటికి చేరిన. గుమ్మిలకెల్లి జొన్నలు తీసింది. చుక్క లేదు, బొక్క లేదు. చెయ్యి పెడితే వెచ్చగ తగిలింది.

"పొద్దుగాలనే ఎండకు పోసిన, వదినా" అన్నది.

నీళ్లల్ల ఏసి తేలుతయో మునుగుతయో సూద్దామనుకున్న. పెట్టేటోళ్ల ముందర అట్ల సూస్తే వాళ్లను నమ్మనట్టు. సిగ్గనిపించి మూట గట్టుకున్న.

తిరుగుబండిల మూట ఒడిల పెట్టుకున్న. పొద్దు గూకింది, సల్లగాలి కొట్టింది. మూట మాత్రం సల్లారలే. మూసీ ఏట్ల ఎడ్లు నీళ్లు తాగుతుంటే బండాయన చెంబుల పిడికెడు గింజలు ఏసిన. అన్నీ తేలినయి. ఒకటి కొరికితే పిండి, పిండిల తెల్లటి పురుగు.

"ముక్కుపురుగమ్మా" అన్నడు బండాయన. "పారబొయ్యి."

పుచ్చుపురుగు నయం. గుడ్డు గింజ మీదనే పెడతది, కండ్లున్నోళ్లకు కనపడతది. రెక్కలొచ్చినంక మెతుకు ముట్టదు, నాలుగొద్దులు తిరిగి సస్తది. ముక్కుపురుగు గింజను తొలిచి గుడ్డు లోపల పెట్టి మూసేస్తది. పిల్ల లోపల్నే తింటది, బయటికొచ్చి గూడ తింటనే ఉంటది, నెలల కొద్ది. మూటల వెచ్చదనం ఎండది గాదు, వాటిదే.

విత్తనానికి పోయెటోళ్లు ఒక చెంబు పట్కపోండ్రి. చుట్టాలింట్లనే, వాళ్ల ముందర్నే నీళ్లల్ల ఏసి సూడున్రి. అలిగితే అలుగుతరు.

సూర్యాపేట దీపాలు కనపడ్డయి. ఖాళీ సంచితోని దిగితే మరిది వాకిట్లనే ఉంటడు, తెల్లారి నాగలి కడతడు. పారబొయ్యలే. మూట ఒడిలనే పెట్టుకున్న. ఇంకా వెచ్చగనే ఉంది.