లోపలి గడియ

మా వదిన ఆడవాళ్ళ విభాగంలో నర్సు. ఆమె నోరంటే ఆసుపత్రి మొత్తానికి హడలు, మా అన్న సంగతి సరేసరి. ఆ నోరు ఎందుకు లేస్తుందో వింటే మీకూ ఒళ్ళు మండుతుంది.

ఆ ఆసుపత్రిలో మందుల గదికి రెండు తాళాలు. మేనేజరు గదికి లోపల ఇత్తడి గడియ. ఆడవాళ్ళు బట్టలు తీసి బల్ల మీద పడుకునే గదికి మాత్రం ఏమీ లేదు. ఫైలు కావాలన్నవాడూ, బల్బు మార్చేవాడూ, దారి తప్పినవాడూ తలుపు తోసుకుని రావడమే. డాక్టరమ్మకు సాయం చేస్తూనే వదిన ఒక కన్ను తలుపు మీద ఉంచాలి. గడియ కోసం ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. "చూద్దాం సిస్టర్" అనేవాడు మేనేజరు. చూసేది ఎవరినో మరి!

మా జాకెట్లు కుట్టే దర్జీ అక్కకు ముట్లు ఆగిపోయిన కొన్నేళ్ళకు మళ్ళీ రక్తం కనబడింది. ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె మొహం పాలిపోవడం చూసి వదినే గుచ్చి గుచ్చి అడిగింది. "ఇది ఊరుకునేది కాదక్కా, ఒక్కసారి చూపించుకో" అని పోరగా పోరగా, నేను తోడొస్తానంటే కదిలింది.

ఆమె బల్ల మీద ఉండగానే తలుపు బార్లా తెరుచుకుంది. మేనేజరు ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకుని వచ్చి, "కొత్త లైటు ఇదేనండీ" అని చూపించాడు. వదిన దుప్పటి కప్పి, కేకలేసి వాళ్ళను బయటికి నెట్టింది. ఏం లాభం? దర్జీ అక్క బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. "చచ్చినా మళ్ళీ రాను" అంది నాతో. రాకపోతే నిజంగానే చచ్చిపోతుందని వదిన భయం.

మర్నాడు వదిన మా అన్న స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని వెళ్ళింది. సాయంత్రం మేనేజరు ఇంటికి వెళ్ళగానే ఆయన గది గడియ ఊడదీసి పరీక్ష గది తలుపుకు బిగించింది. అటునుంచి తిన్నగా దర్జీ అక్క ఇంటికి.

"గడియ పెట్టా. నీ చేత్తో నువ్వే వేసుకుందువుగాని, రా."

"ఎవరైనా తీస్తే?"

"తీసినవాడి చెయ్యి విరగ్గొడతా. పొద్దున్నే వచ్చెయ్."

వచ్చింది. లోపలికి వెళ్ళి గడియ తనే వేసుకుంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇంతలో మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. తలుపు తోశాడు, రాలేదు. దబదబా బాదాడు.

"సిస్టర్! నా గది గడియే పీక్కుపోతావా? ఎవడు పడితే వాడు లోపలికి వచ్చేస్తున్నాడు! తలుపు కొట్టడం లేదు, అడగడం లేదు!"

నాకు నవ్వు రాలేదు. ఆ మాట తన నోటితో తనే అని కూడా, అందులో ఏముందో తెలియని మనిషిని చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది.

"లోపల ఆడమనిషి ఉంది. మెమో తర్వాత ఇవ్వండి" అంది వదిన లోపలినుంచి.

ఆయన మళ్ళీ బాదాడు. అక్క ఇప్పుడు బల్ల దిగితే ఇక ఈ జన్మలో రాదు. తలుపు వైపే చూస్తూ ఉండిపోయాను.

గడియ కదల్లేదు. దర్జీ అక్క గొంతు వినిపించింది.

"ఆయన్ని కొట్టుకోనివ్వండి డాక్టరమ్మా. మీరు చూడండి."