నుమాయిష్ మైకులో నేను తప్పిపోయిన సాయంత్రం

చదువు అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో మనిషికొక చిత్రమైన నమ్మకం ఉంటుంది. లోకమంతా చెవులు రిక్కించి తన మాట కోసమే కాచుకుని ఉందని. నాకైతే ఆ నమ్మకానికి ఆధారం కూడా దొరికింది. సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణంలో తాన్లు మోస్తూ, గిరాకీని పిలుస్తూ ఉండేవాణ్ని. నా గొంతు విన్న ఒకాయన నన్ను నాంపల్లిలో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్, నుమాయిష్‌లో ప్రకటనలు చేసే పెద్దమనిషి దగ్గరికి పంపించాడు. ఆయన్ని అందరూ మైక్‌సాబ్ అనేవాళ్లు. నాచేత రెండు వాక్యాలు చదివించుకుని, "గొంతు మంచిగుంది. ఒక్క దినం చూస్త. నచ్చితే నుమాయిష్ అయిపోయేదాంక ఉంచుకుంట" అన్నాడు. ఆ మాటతో నేను నేల మీద నడవడం మానేశాను.

చిక్కల్లా నా మెడతోనే. తాన్లు మోసీ మోసీ లోపలెక్కడో నరం ఒత్తుకుపోయి, భుజం నుంచి కుడిచేతి వేళ్లదాకా ఉండుండి కరెంటు పాకేది. అబిడ్స్‌లో డాక్టరమ్మ చూసి మాత్ర రాసింది. "ఇది రాత్రి భోజనంతోనే వేసుకోవాలి. చాయ్ బిస్కెట్ భోజనం కాదు. ఒట్టి కడుపుతో వద్దు. మొదట్లో మత్తుగా ఉంటుంది, బండి నడపకు" అంది. చెప్పింది నాకే, కాని బుద్ధిగా విన్నది పక్కనే కూర్చున్న మా మేనత్త. నాంపల్లి స్టేషన్ వెనకాల ఉన్న ఆమె ఇంట్లోనే నేనప్పుడు ఉండేవాణ్ని. ఆ రోజు నుంచి నా కంచం ముందు కూర్చుని, అన్నం సగమయ్యాక మాత్ర అందించి, గొంతు దిగేదాకా చూసి గాని లేచేది కాదు. (ఒకసారి నోరు తెరిచి చూపించమంది కూడా. చూపించాను.)

మైకు ముందు కూర్చోవాల్సిన మొదటి సాయంత్రం నాకు అన్నం గుర్తు లేదు, మాత్ర గుర్తు లేదు. కొత్తగా ఇస్త్రీ చేయించిన నీలం చొక్కా వేసుకుని, "జర ఆగు, అన్నం ఉడుకుతుంది" అని అత్తమ్మ వంటింట్లోంచి అంటుండగానే, నుమాయిష్‌కు పోతున్నానని కేకేసి బయటపడ్డాను; మైకు సంగతి ఉద్యోగం ఖాయమయ్యాకే చెబుదామని దాచాను. నుమాయిష్ మైకు గదిలోకి వెళ్లగానే మైక్‌సాబ్ నా ఫోన్ ఆపించి సొరుగులో పెట్టించాడు. మీట నొక్కాడు. "దయచేసి వినండి" అన్నాను. నా గొంతు స్తంభం స్తంభానికీ పాకి, మిర్చి బజ్జీల పొగ మీంచి, జెయింట్ వీల్ మీంచి చుట్టి తిరిగి నా చెవుల్లోకే వచ్చింది. ఒళ్లు పులకరించింది. తప్పిపోయిన పాప గురించి చెప్పేటప్పుడు చేతిలో నరం చురుక్కుమని 'పా' కొంచెం పెద్దగా వచ్చింది. మైక్‌సాబ్ మాత్రం పాన్ నములుతూ తల ఊపాడు. నచ్చుతున్నానన్నమాట.

అంతలో గదిలో బల్ల మీదున్న ఫోను మోగింది, పెద్ద గేటు దగ్గర్నుంచి. అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసమ్మ. "ఒక మొగమనిషి తప్పిపోయిండంట. వాళ్ల మనిషి ఈడనే ఉన్నది. ఆమె చెప్పింది నేను చెప్త, నువ్వు మైకుల చెప్పు" అంది. ఫోను ఒక చెవికి ఆనించుకుని మీట నొక్కాను.

"ఒక యువకుడు తప్పిపోయారు."

"సన్నగుంటడంట. గాలికి ఎగిరిపోయేటట్టు."

"సన్నని దేహం," అన్నాను గంభీరంగా.

"నీలం అంగి."

"నీలిరంగు చొక్కా ధరించి ఉన్నారు."

"పొద్దుగాలకెల్లి సక్కగ తినలేదంట."

ఇదీ చెప్పాలా అని ఒక్క క్షణం తటపటాయించాను. మైక్‌సాబ్ నావైపే చూస్తున్నాడు. "ఉదయం నుంచి సరిగా భోజనం చేయలేదు."

"అన్నం తిని నరాల గోలి ఏసుకోవాలంట. ఒట్టి కడుపుల ఏసుకోవద్దని డాక్టరమ్మ చెప్పిందంట."

"వీరు భోజనంతో పాటు నరాల నొప్పి మాత్ర..." అంటుండగా నా గొంతు ఆగిపోయింది. తల వంచి నా చొక్కా చూసుకున్నాను. మైదానమంతా నిశ్శబ్దం.

"ఏందయ్యా, ఆగినవ్?" అన్నాడు మైక్‌సాబ్.

"సార్, అది నేనే సార్. వచ్చింది మా అత్తమ్మ."

మీట ఇంకా నొక్కే ఉంది. నా ఆ చివరి ముక్క కూడా జెయింట్ వీల్ దాకా వెళ్లింది. నవ్వు ముందు దగ్గర్లో మొదలై, అలలాగా గేటుదాకా పోవడం గోడల్లోంచి వినిపించింది. మైక్‌సాబ్ మొహంలో ఏ మార్పూ లేదు. మైకు తనవైపు లాక్కుని, "తప్పిపోయిన పిలగాడు దొరికిండు. మైకు గదిల కూసున్నడు. అత్తమ్మగారు అన్నం తీస్కొని ఈడికి రాగలరు" అని ప్రకటించాడు.

అత్తమ్మ ఒక్కతే రాలేదు. దారి చూపిస్తామని వెంటబడిన గాజుల దుకాణం ఆయన, ఒక కుటుంబం, పోలీసమ్మ, అందరూ వచ్చారు. టిఫిన్ డబ్బా విప్పింది. అన్నం, పచ్చిపులుసు, గుడ్డు కూర. అంతమంది చూస్తుండగా తినడం మొదలుపెట్టాను. "గోలి ఆఖర్ల ఏసుకోవాలె" అన్నాడు గాజులాయన. "కాదు, నడుమ" అంది పోలీసమ్మ. అత్తమ్మ ఎవరి మాటా పట్టించుకోకుండా, తన లెక్క ప్రకారం అన్నం సగమయ్యాక మాత్ర నా అరచేతిలో పెట్టింది. మింగాను. చూస్తున్నవాళ్లంతా తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు.

నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చేయి కడుక్కుని వచ్చి, "సార్, రేపు..." అన్నాను నీళ్లు నములుతూ.

"ఎన్నేండ్ల సంది గీ మైకుల మొత్తుకుంటున్న. గ్రౌండంత సప్పుడు జేయకుండ ఇన్నది ఇయ్యాలనే. రేపు రా. తినిరా" అన్నాడు మైక్‌సాబ్.

ఇంటికి నడిచే వస్తున్నాం. మాత్ర ప్రభావమో, సంతోషమో, స్టేషన్ ముందు దీపాలన్నీ మెత్తగా కనిపిస్తున్నాయి. అత్తమ్మ నాకంటే రెండడుగులు ముందు నడుస్తోంది. ఫోను ఎత్తనందుకు కోపమనుకున్నాను. చాలా దూరం వచ్చాక అంది, "అంత చెప్పినవ్ గని, నా పేరు చెప్పకపోతివి."

"ఏంది అత్తమ్మా?"

"అందరిన్నరు గద. ఆయన సుత అత్తమ్మ అన్నడు గని పేరు అనకపాయె. చెప్తే ఏం పోతుండె? మొజంజాహీ మార్కెట్ల పండ్లోళ్లు సుత ఇంటుండిరి."

అంతదూరం వినిపించదని ఆమెకు వివరంగా చెప్పానట. (మత్తులో కూడా నా తెలివి తగ్గలేదు.) కొన్ని వారాలకు నొప్పి తగ్గింది. నుమాయిష్ అయిపోయేదాకా ఆ మైకు నాదే అయింది. ఎవరెవరి పేర్లో చదివాను, ఎన్ని దుకాణాల పేర్లో. ఆమె పేరు చదవాలని మాత్రం ఒక్క సాయంత్రం కూడా తట్టలేదు ఆ నీలం చొక్కా మహానుభావుడికి. ఇప్పుడు తలుచుకుంటే వాడి మీద కోపం రాదు, నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, మోచేత్తో మెల్లగా పొడిచి, "ఒక్క పేరే కద, చెప్పు బే" అనాలనిపిస్తుంది.