నల్లటి తెర, పూల గుడ్డ

పాత కంప్యూటరు డబ్బా మూత విప్పి, ఫ్యాను మీద పేరుకున్న దుమ్ము దులిపి, మళ్లీ కరెంటు ఇచ్చిన కాసేపటికి ఒక వాసన వస్తుంది. వేడెక్కిన దుమ్ము వాసన. ఖాళీ పెనాన్ని పొయ్యి మీద మరిచిపోతే వచ్చేలాంటిది. ఆళ్లగడ్డలో మా నాయన పంచర్ల అంగట్లో ఒక మూల నా బల్ల ఉంది. దాని మీదకు ఎవరైనా మూలపడిన కంప్యూటరు తెచ్చిన రోజున, ఆ వాసన రాగానే లవంగం వాసన కూడా రావాలి కదా అని నా ముక్కు వెతుక్కుంటుంది. రాదు. ఆ లవంగం మీనాజ్ ఆపా బుగ్గలో ఉండేది. పంటి నొప్పికని మొదలుపెట్టిందట, నొప్పి పోయినా మానలేదు.

ఆపా నంద్యాలలో టైపు నేర్పేది. నేను చేరేనాటికి టైపు మిషన్లన్నీ పోయి, వాటి బల్లల మీదే కంప్యూటర్లు కూర్చున్నాయి. నేర్పే పద్ధతి మాత్రం మారలేదు. కీబోర్డు మీద పూల గుడ్డ కప్పి, దాని కింద చేతులు పెట్టి కొట్టమనేది. ఎవరైనా గుడ్డ ఎత్తి తొంగి చూస్తే, "ఏమప్పా, నీ చేతులు యాడికన్నా పోయినాయేమో అని చూస్తాండావా?" అనేది. గదంతా నవ్వు. నేను ఇంటర్ తప్పి, తాళాలు తీసి ఊడ్చే పనికి చేరిన పిల్లను. ఒకరోజు ఊడ్చడం అయ్యాక నా ముందు కూడా ఒక గుడ్డ పరిచి, "కూచో అమ్మీ" అంది. 

టైపు చేతికి వచ్చింది కానీ తెర మీద ఏదైనా ఇంగ్లీషు ముక్క వస్తే నాకు గుండె దడ. ఈగను తోలినట్టు ఎంటర్ కొట్టి తోలేసేదాన్ని. ఒకసారి ఆపా పక్కనే ఉండగా అలాగే చేయబోయాను.

"ఆగు. ఏం రాసిండాది ఆడ?"

"ఏందో ఇంగ్లీషు ఆపా."

"ఇంగ్లీషు అని రాసిండాదా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "అది నీతో ఏందో చెప్పుకుంటాంది. తోలేస్తే ఎట్లా? మనిషి మాట్లాడతాంటే తలుపేస్తావా? చదువు." అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అర్థం కాని మాట దగ్గర ఆపా తెలుగులో చెప్పేది. ఆనాటి నుంచి తెర మీద ఏ ముక్క వచ్చినా నేను గట్టిగా చదవాలి, ఆమె కళ్లు మూసుకుని లవంగం నములుతూ వినాలి. చదువు అంటని దాన్ని కదా, నాకు నేర్పడానికే ఇదంతా అనుకున్నాను.

మూడో ఏడు ఎండలు ముదిరాక సెంటరు మూసేస్తున్నానని చెప్పింది. ఎందుకని అడిగితే, "చాలు" అంది. నాకు భూమి కుంగినట్టయింది. మా నాయన ఏసోబు అంతకు ముందు నుంచే గొణుగుతున్నాడు. "బస్సులెక్కి దిగేదానికే సరిపోతాంది నీ బతుకు. సోమవారం నుంచి మిరప కోతకు పోతాండారు, నువ్వూ పో" అని. ఆ మాట ఆపాకు చెబితే, మూలనున్న అన్నిటికంటే పాత కంప్యూటరును చూపించింది. "దీన్ని నడిపించుకో. నడిస్తే నీది, మీ నాయన అంగట్లో పెట్టుకుని నాలుగు అర్జీలు కొట్టుకో. నేను చెయ్యి పెట్టను." సోమవారం లోపల అది లేస్తే బల్ల, లేకపోతే మిరప చేను. అంతే నా లెక్క.

ఇప్పటి ఆపరేటింగ్ సిస్టం అది మోయలేదు. పాత మిషన్ల కోసమే ఊరికే ఇచ్చే తేలికపాటి సిస్టం ఒకటి ఉంటుందని ఆపా చెప్పింది. కొత్తవి కొనే స్థోమత లేక, పాతవాటికే ఊపిరి పోస్తూ నేర్చుకున్న సంగతులు ఆమెవి. "పండ్లూడిన దానికి బిర్యానీ పెడితే నముల్తుందా? గంజి పొయ్యాల" అంది. అప్పటి నుంచి దాన్ని మేం గంజి సిస్టం అనే పిలుచుకున్నాం. నెట్లోంచి పెన్‌డ్రైవులోకి ఎక్కించి, మిషనుకు గుచ్చి, ఆన్ చేశాను. నల్లటి తెర మీద రెండు తెల్లటి వరుసలు వచ్చి ఆగిపోయాయి. నా చెయ్యి స్విచ్చు మీదకు పోయింది.

"చదువు" అంది ఆపా.

చదివాను. చివర్లో ఐ, ఆరు, ఎనిమిది, ఆరు అని వచ్చింది.

"అంటే పాత రకం. నేను ఈ కాలం దాన్ని కాదు తల్లీ అని చెప్తాంది పాపం. నువ్వు తెచ్చింది కొత్త రకానికి చేసిన గంజి. పాత రకానిది తెచ్చుకో, బేగా."

తెచ్చుకున్నాను. ఈసారి దారి దొరికినట్టు సాగిపోయింది. పేరు అడిగితే రూతు అని పెట్టాను, పాస్‌వర్డు అడిగితే లవంగం అని. అంతా అయిపోయిందని చెప్పి, తనంతట తానే ఆగి మళ్లీ మొదలైంది. మొదలై, తెర నల్లబడింది. ఒక్క అక్షరం లేదు. ఎంతసేపు చూసినా లేదు. శనివారం పొద్దు వాలుతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇప్పుడేం చదవాల ఆపా? ఆడ ఏమీ లేదు."

ఆపా లేచి వచ్చి, డబ్బా మీద అరచెయ్యి పెట్టి, చెవి ఆనించింది. "లోపల తిరుగుతానే ఉండాది. బతికుండాది అమ్మీ, చెప్పలేకుండాది అంతే. ఆ గుడ్డ తే."

పూల గుడ్డ తెచ్చిస్తే కీబోర్డు మీద కప్పింది. మూడు కీలు కలిపి నొక్కమంది. అలా నొక్కితే బొమ్మలేవీ లేకుండా ఉత్త అక్షరాలతో మాట్లాడే చోటికి పోతుందట. "తెర మనకు కనపడకుంటే మనం దానికి కనపడమా? నీ పేరు కొట్టు." కొట్టాను. "పాస్‌వర్డు." గుడ్డ కింద వేళ్లు లవంగం అని కొట్టాయి. "ఇప్పుడు ఆగిపొమ్మని చెప్పు." ఆ మాట కూడా కొట్టి ఎంటర్ నొక్కాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత డబ్బా లోపల గరగర తగ్గి, ఫ్యాను మెల్లగా నిలిచి, దీపం ఆరిపోయింది.

"చూసినావా? ఇంటాంది" అంది ఆపా.

ఆ తర్వాత పని చిన్నది. మిషను మొదలయ్యేటప్పుడు, తెర నల్లబడే ముందు కాసేపు కనపడే పట్టీలో, తెర జోలికి పోవద్దని చెప్పే మాట ఒకటి చేర్చాలి. ఆమె ఒక్కో అక్షరం చెప్పింది, నేను కొట్టాను. తెర వెలిగింది. నా పేరుతో ఒక చిన్న గడి, వెనక విశాలంగా రంగు. "వచ్చింది ఆపా, వచ్చింది!" అని గెంతులేశాను. ఆపా తెర ఎదురుగానే నిలబడి ఉంది. మొహం కొంచెం పక్కకు తిప్పి, మెల్లగా అడిగింది.

"ఏం రంగుండాది?"

అడుగు దూరంలో తెరంతా నీలంగా వెలుగుతోంది. ఆ వెలుతురు ఆమె చెంప మీద కూడా పడుతోంది.

"నీలం ఆపా" అన్నాను. "నీకు ఎప్పటినుంచి..."

"చక్కెర రోగం అమ్మీ. నిదానంగా పోయినాయి కండ్లు." గుడ్డను తడుముతూ మడత పెట్టింది. "నువ్వు చదువుతానే ఉంటివి కదా. నాకు కొరత తెలియలేదు."

ఆదివారం చర్చి అయ్యాక నాయన ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. కంప్యూటరును పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో పెట్టి, అనుమానంగా అడిగాడు. "ఇంత పాతది, నిలబడతాదా ఆపా?"

"యాడ నిలబడతాది ఏసోబన్నా. మళ్లా పడతాది" అంది ఆపా. "పిల్ల లేపుతాది, గమ్మునుండు."

నాయన సోమవారం నన్ను నిద్ర లేపలేదు. అంగట్లో ట్యూబుల కట్టలు పక్కకు జరిపి బల్లకు చోటు చేశాడు. పూల గుడ్డ నాతోనే వచ్చింది. ఆపా సున్నిపెంటలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. ఏదైనా మొండి మిషను దొరికితే ఫోను చేసి తెర మీది ముక్కలు చదివి వినిపించేదాన్ని. అవతల లవంగం నమిలే చప్పుడు వినపడేది. పోయినేడు ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

ఈ పొద్దు అంగట్లో ఎదురింటి అన్న తెచ్చిన కంప్యూటరు ముందు కూర్చున్నాను. దుమ్ము వాసన వచ్చింది, నల్లటి తెర మీద తెల్లటి వరుస వచ్చింది. నేను గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఆ అన్న చుట్టూ చూసి నవ్వాడు.

"ఎవరికి చదువుతాండావు పాపా? ఈడ నేనూ మీ నాయనా తప్ప ఎవరుండారు?"

నాయన పంచరు వేస్తున్నవాడు తలెత్తి, "చదవనీప్పా" అన్నాడు. నేను ఆ వరుసను మళ్లీ మొదటి నుంచి, ఇంకొంచెం నిదానంగా చదివాను.