ఇంటి అన్నం తిన్న జట్టు

ఆ రోజుల్లో నాకు తెలిసిన ఆటలు రెండే: తొక్కుడుబిళ్ల, కబడ్డీ. క్రికెట్ అనేది ఒకటుందని తెలుసు గానీ, మగవాళ్లు టీవీ ముందు కూర్చుని అన్నం చల్లారబెట్టుకోవడానికే దాన్ని కనిపెట్టారని అనుకునేదాన్ని. అలాంటిదాన్ని కడప జిల్లా నుంచి మస్కట్ వచ్చి, అల్ ఖువైర్‌లో ఒక ఆస్ట్రేలియా కుటుంబం విల్లాలో ఇంటిపనికి కుదిరి, ఏడాది తిరిగేసరికి రగ్బీ లీగ్ మీద పందేలు కాసే మనిషినైపోయాను. మా అమ్మకు తెలిస్తే చీపురు తిరగేసేది. (ఇన్నేళ్లయినా ఆమెకు చెప్పలేదు. మీరూ చెప్పకండి.) అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. తెలియని విషయం మీద కూడా గట్టిగా మాట్లాడగలిగే వయసు.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. పక్కకు పదమూడు మంది, ఒక్కొక్కడూ మా ఇంట్లో బీరువా అంత ఉంటాడు. బంతి గుండ్రంగా ఉండదు, దోసకాయలా ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని ముందుకు పరుగెత్తాలట, చేత్తో ఇంకొకడికి ఇవ్వాలంటే మాత్రం వెనక్కే ఇవ్వాలట. ఎదుటివాళ్లు మీదపడి నేలకేసి కొడతారు. లేచి మళ్లీ మొదలెడతాడు. ఆరోసారి పడ్డాక బంతి అవతలివాళ్లది. మొదటిసారి ఆ శబ్దాలు విని నేను వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి "సార్, పోలీస్! పోలీస్!" అని అరిచాను. సార్ నవ్వు ఆపుకోలేక సోఫాలోంచి జారిపోయాడు. ఆస్ట్రేలియాలో సాయంత్రం ఆడేది మాకు ఇక్కడ మధ్యాహ్నానికి వచ్చేది. శుక్ర, శనివారాలు ఈ దేశంలో సెలవు కాబట్టి, వారాంతం వచ్చిందంటే ఆ ఇంట్లో ఇదే తిరునాళ్లు.

సార్ వాళ్లకు ఒక ఆచారం ఉంది. ఆ వారం ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ఇంట్లో పెద్దవాళ్లంతా ముందే చెప్పాలి. పనివాళ్లు, యజమానులు అనే తేడా లేదు. ఫ్రిజ్ తలుపు మీద తలా ఒక మాగ్నెట్. సార్‌ది ఒంటె, మేడమ్‌ది వంకర బాకు, డ్రైవరన్నది కాఫీ కూజా, నాది సాంబ్రాణి ధూపం వేసే చిన్న కుంపటి. గెలుస్తుందనుకున్న జట్టు పేరు పక్కన మన మాగ్నెట్ అతికించాలి. డబ్బు పందేలు ఈ దేశంలో నేరమనీ, తన ఇంట్లోనూ నేరమేననీ సార్ మొదటే చెప్పేశాడు. దానికి బదులు, సీజన్ ముగిసేసరికి ఎక్కువసార్లు సరిగ్గా చెప్పినవాళ్లు ఒక్క కోరిక కోరుకోవచ్చు. డబ్బు అడగకూడదు. చివరిదాకా ఎవరికీ బయటపెట్టకూడదు. (సార్‌ది ఇంగ్లీషు, మాది వచ్చీరాని హిందీ. ఇంత పెద్ద రూలు చేతి సైగలతోనే అర్థం చేసుకున్నాం.)

నా కోరిక ఆ క్షణంలోనే ఖాయమైపోయింది: డ్రైవింగ్ నేర్చుకోవాలి. వంటింటి కిటికీలోంచి రోజూ చూసేదాన్ని. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఆఫీసులకు పోయే ఒమానీ ఆడవాళ్లను చూస్తే నా గుండె వాళ్ల బండి వెనకాలే పోయేది. నాకేమో కొత్తిమీర కట్ట కావాలన్నా డ్రైవరన్నను బతిమాలుకోవాల్సిందే. లైసెన్సుకు పోవాలంటే సార్ ఒప్పుకోవాలి, క్లాసులకు సమయం ఇవ్వాలి. ఊరికే అడిగే ధైర్యం నాకెక్కడిది? గెలిచి అడిగితే మాట కాదనలేడు కదా!

డ్రైవరన్నది జగిత్యాల పక్క. అంతకుముందు ఇబ్రి అనే ఊళ్లో సైట్ల మీద ఎండలో సెంట్రింగ్ పని చేసి, నానా తిప్పలు పడి లైసెన్స్ తెచ్చుకుని, ఏసీ బండిలో ఈ డ్యూటీ సంపాదించాడు. ఆ సీటంటే ఆయనకు ప్రాణం. మేడమ్, సార్ ఇద్దరూ తెల్లారగానే ఆఫీసులకు పోతారు కాబట్టి, వాళ్ల ఐదేళ్ల పాపను స్కూలుకు తీసుకెళ్లి తెచ్చేది ఆయనే. ఒకరోజు నేను కూరలసంచీ వెనక పెడుతూ, "రివర్సు పోయేటప్పుడు నువ్వు అద్దంలో చూస్తావా, తల తిప్పుతావా అన్నా?" అని అమాయకంగా అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీకెందుకు చెల్లె గదంతా? పొయ్యిమీద కూర సూస్కో పో. రేపు నువ్వు బండి నడిపితే, సార్ నన్ను మల్ల ఇబ్రికి పంపుడే!"

అంతే, ఆ రోజు నుంచి పోటీ సార్‌తో కాదు, డ్రైవరన్నతో. ఆయన కోరిక ఏమిటో నాకు తెలియదు. కొత్త ఫోన్ అనుకున్నాను. ఎప్పుడు చూసినా ఆ ఫోన్ పట్టుకుని, ఊళ్లో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడుతుండేవాడు. ఆయన ఈ దేశం వచ్చాక పుట్టిన పిల్ల. జుట్టు కళ్లమీద పడుతుంటే నడినెత్తిన కొబ్బరిమొక్కలా పిలక కట్టేవాళ్లు. "పాపం, ఆ బిడ్డకు క్రాపన్నా కొట్టియ్యరాదా అన్నా?" అన్నానొకసారి. ఆయన గుడ్డ తీసుకుని బండి తుడవడానికి వెళ్లిపోయాడు. తిక్క మనిషి అనుకున్నాను.

ఇక మా జోస్యాల సంగతి. సార్‌కు ఆ ఆట గురించి తెలియనిది లేదు. కానీ సొంతూరి జట్టు మీద ప్రేమ. అది వారం వారం ఓడిపోతున్నా ఆయన ఒంటె దాని పక్కనే కూర్చునేది, మిగతా మ్యాచ్‌ల్లో దాన్ని ఓడించినవాళ్ల మీద కోపంతో అవతలివైపు కూర్చునేది. మేడమ్ కెప్టెన్ అందం చూసి బాకు అతికించేది. డ్రైవరన్న ఇంకా తెలివైనవాడు. సార్ ఒంటె ఎక్కడుందో చూసి, దానికి ఎదురుగా కూజా పెట్టేవాడు. నా లెక్క వేరే. ప్రతి మ్యాచ్‌కూ ఒక్కటే అడిగేదాన్ని: "సార్, ఎవరి ఊళ్లో ఆట?" ఎవరి ఊరైతే వాళ్ల పక్కనే నా కుంపటి. ఎందుకంటే వాళ్లు సొంత మంచం మీద పడుకుని, ఇంటి అన్నం తిని వస్తారు. అవతలివాళ్లు పాపం ముందురోజే బయల్దేరి, ఎక్కడో పడుకుని, నిద్ర చాలక, ఏదో ఒకటి తిని వస్తారు. అలాంటి కడుపుతో ఏం ఆడతారు? పరాయిచోట బతుకుతున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా! మీరు నమ్మరు గానీ, ఈ లెక్క తప్పినవాటికంటే నెగ్గినవే ఎక్కువ. ఎండలు తగ్గేనాటికి సార్, మేడమ్ ఎక్కడో వెనకబడ్డారు. కుంపటి, కూజా సమానంగా నిలబడ్డాయి. మిగిలింది ఫైనల్ ఒక్కటే.

అప్పుడు తెలిసింది నా కొంప మునిగిందని. ఫైనల్ మూడోచోట ఆడతారట. "ఎవరి ఊరు సార్?" అంటే "ఎవరిదీ కాదు" అన్నాడు. ఎవరిదీ కాని ఊళ్లో ఎవడు ఇంటి అన్నం తింటాడు? సీజనంతా పండితురాలిలా తిరిగినదాన్ని, ఆ ఒక్క మాటతో ఏమీ తెలియని పిల్లనైపోయాను. ఇద్దరం సమానం కాబట్టి చెరొక జట్టు తీసుకోవాలన్నాడు సార్. నాణెం ఎగరేస్తే డ్రైవరన్న గెలిచాడు. సార్ ఒంటె ఎరుపు జట్టు పక్కన ఉందని చూసి నీలం జట్టు కోరుకున్నాడు. నాకు ఎరుపు మిగిలింది. సార్ పెట్టిన జట్టు నాకు తగిలిందంటేనే సగం ఆశ చచ్చింది.

ఫైనల్ ఆదివారం వచ్చింది. ఇక్కడ ఆదివారం పనిదినం. సార్ సెలవు పెట్టాడు, మేడమ్ ఆఫీసుకు పోయింది, పాప స్కూల్లో ఉంది. సగం ఆట అయ్యేసరికి నా ఎర్రవాళ్లు ముందున్నారు. నేను పప్పు పొయ్యిమీద పెట్టిన సంగతి మరిచిపోయి సోఫా వెనక నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే పాపను తెచ్చే వేళయింది. డ్రైవరన్న తాళాలు చేతిలో పట్టుకుని, టీవీ వైపు చూస్తూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాకా పోయాడు. "ఫోన్ జేస్త చెల్లె. అబద్ధం చెప్పకు" అన్నాడు. ఆయన వెళ్లాక నీలంవాళ్లు ఎక్కడలేని బలం తెచ్చుకున్నారు. ఆఖరు నిమిషానికి ఇద్దరూ సమానం. ఇంక అదనపు ఆటలో ఎవరు ముందు ఒక్క పాయింటు కొడితే వాళ్లదే కప్పు. ఫోన్ మోగింది. స్కూలు బయట బండి ఆపి చేస్తున్నాడు.

"ఏమాయె? ఎవలు గొట్టిన్రు? జల్ది చెప్పు, గేటు దెరుస్తున్రు!"

"ఉండన్నా! మీవాడు పరుగెత్తినాడు... మావోళ్లు పట్టుకున్న్యారు... పడేసినారు! లేసినాడబ్బా వాడు... మళ్లీ పడేసినారు! అయ్యో, ఆ బక్కోనికి ఇచ్చినారు..."

"బక్కోడా? ఆడు తంతడు! ఆడు గురి దప్పడు!"

ఆ బక్కవాడు తన్నాడు. ఆ దోసకాయ గాల్లో వంకర తిరుగుతూ పోయి రెండు స్తంభాల నడుమ దూరింది, ఆ ఒక్క పాయింటు నీలంవాళ్లదైంది. సార్ తల పట్టుకున్నాడు. డ్రైవింగూ, నల్లకళ్లద్దాలూ, ఒంటిచేతి స్టీరింగూ అన్నీ ఆ బంతితోపాటే పోయాయి. పైగా ఆ మాట నా నోటితో నేనే చెప్పాలి.

"చెల్లె? లైన్ గిట్ల కట్టయిందా?"

"లేదన్నా. నువ్వే గెలిచినావు" అన్నాను.

ఫోన్‌లో ఆయన గొంతు వినబడలేదు గానీ హారన్ వినబడింది. ఒకటి కాదు, ఆగకుండా. (స్కూలు గార్డు వచ్చి అరబ్బీలో చీవాట్లు పెట్టేదాకా ఆపలేదట.) వంటింట్లోంచి పప్పు మాడిన వాసన వచ్చింది. నేను పోయి గిన్నె తోముతూ ఏడ్చాను. ఆట పోయినందుకు కాదు, ఇంక అడిగే దారి లేనందుకు.

పాపను తీసుకొచ్చాక సార్ ఆయనకు చెయ్యిచ్చి, కోరిక ఏమిటని అడిగాడు. డ్రైవరన్న తాళాలగుత్తి అటూ ఇటూ తిప్పాడు. "సార్, ఛుట్టీ. దో మహీనా" అన్నాడు, రెండు నెలలు సెలవు కావాలని. తర్వాత హిందీ చాలక నావైపు తిరిగాడు. "చెల్లె, జర చెప్పు. మా బిడ్డకు పుట్టెంటికలు ఇంక తియ్యలే. మూడేండ్లు నిండకముందే తియ్యాలె. తండ్రి లేంది ఎములాడ రాజన్న గుడి కాడికి ఎట్ల తీస్కపోతరు? ఎప్పుడడిగినా ఇంకో డ్రైవర్ లేడు, వచ్చే నెల సూద్దామంటున్నరు సార్." ఆ మాటలు విన్నాక నాకు ఆ కొబ్బరిమొక్క పిలక గుర్తొచ్చింది. క్రాపు కొట్టించమన్న నా నోటిని ఏం చేసుకోను? ఉన్నదంతా నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, మిగతాది చేతులతో సార్‌కు చెప్పాను. సార్ మొహం వాడిపోయింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు, కానీ రెండు నెలలు పాపను స్కూలుకు ఎవరు తీసుకెళ్తారు? ఏమీ తోచక, ఓడినదాన్ని ఓదార్చినట్టుగా నన్నడిగాడు: "నువ్వు గెలిస్తే ఏం అడిగేదానివి?"

"డ్రైవింగ్, సార్" అన్నాను.

సార్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఇల్లు దద్దరిల్లేలా నవ్వాడు. సీజనంతా ఒకరినొకరు ఓడించాలని చూసిన మేమిద్దరం కోరుకున్నది ఒక్కటేనని అప్పుడు నాకూ వెలిగింది. ఒకరు సీటు దిగితే గానీ ఇంకొకరు ఎక్కలేరు, ఒకరు ఎక్కితే గానీ ఇంకొకరు దిగలేరు. డ్రైవరన్న మాత్రం నవ్వలేదు. "నేనొచ్చేసరికి నా సీటు ఉంటదా?" అని మెల్లగా అడిగాడు. సార్ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంటుందన్నాడు. నాకు లైసెన్సు రాగానే ఆయన ఊరికి, ఆ రెండు నెలలూ పాప స్కూలు బండి నాకు అని తేల్చేశాడు. నేనూ చెప్పాను: "నీ సీటు నాకొద్దన్నా. నాకు నడపడం వస్తే చాలు."

"అట్లయితే నేను చెప్పినట్టు ఇనాలె" అన్నాడు. ఇంక చూసుకోండి! క్లాసులు లైసెన్సున్న మాస్టారి దగ్గరే గానీ, ఇంట్లో ఈ మాస్టారి బాధ అంతకు మించి. వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి ఇడ్లీపాత్ర మూత ఇచ్చి, వెనక నిలబడి "మిర్రర్! సిగ్నల్! ఎనకకు సూడు!" అని అరిచేవాడు. ఇక్కడ లైసెన్సుకు ముందు డ్రమ్ముల పరీక్ష ఉంటుంది. వరసగా నిలబెట్టిన డ్రమ్ముల మధ్యకు బండిని తగలకుండా వెనక్కి తీసుకెళ్లాలి. మొదటిసారి నేను డ్రమ్మును పడేశాను. రెండోసారి కూడా. మూడోసారి గట్టెక్కాను. ఆ సాయంత్రం డ్రైవరన్న తన కాఫీ కూజా తీసి నా కుంపటి పక్కన అతికించాడు.

ఆయన ఊరు వెళ్లొచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు నేనే బండి తీసుకెళ్లాను. పెట్టె వెనక పెట్టి, అలవాటు కొద్దీ స్టీరింగ్ వైపు తలుపు తీశాడు. నేను అక్కడ కూర్చుని ఉన్నాను. "ఆ పక్కకు రాన్నా" అన్నాను. చుట్టూ తిరిగొచ్చి కూర్చుని, ఫోన్‌లో ఫొటో చూపించాడు. నున్నటి గుండుతో కూతురు, పక్కన గుండుతో ఈయన, ఇద్దరూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. అల్ ఖువైర్ వచ్చేదాకా ప్రతి రౌండబౌట్ దగ్గరా లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు. ఇంటి ముందు దిగాక, "పర్లేదు చెల్లె, మంచిగనే నడిపినవ్. చెమటలు వట్టినయ్ గంతే" అన్నాడు.

సార్ వాళ్లు తర్వాత వాళ్ల దేశం వెళ్లిపోయారు. డ్రైవరన్న సోహార్ పక్క ఇంకో ఇంట్లో కుదిరాడు. నేను ఇప్పుడు పిల్లల నర్సరీ వ్యాను నడుపుతున్నాను. నల్లకళ్లద్దాలు కూడా కొనుక్కున్నాను లెండి. సార్ వెళ్తూ ఇచ్చిన సాంబ్రాణి కుంపటి మాగ్నెట్ వ్యానులో నా కళ్లెదుటే ఉంటుంది. ఇప్పటికీ శుక్రవారం వస్తే ఫోన్‌లో ఎవరి ఊళ్లో ఎవరు ఆడుతున్నారో చూసి, మనసులోనే ఇంటి జట్టు పక్కన దాన్ని అతికిస్తాను. ఇంటి అన్నం తిన్నవాళ్లే గెలుస్తారని ఎంత గట్టిగా వాదించేదో ఆ ఇరవై మూడేళ్ల పిల్ల! అమ్మ చేతి ముద్ద తిని ఎన్నాళ్లయిందో లెక్కలేకుండా, ఎవరిదో ఊళ్లో, ఆ డ్రమ్ముల మధ్యకు మూడోసారి బండి పోనిచ్చి నెగ్గింది తనేనని దానికి అప్పుడు తోచనే లేదు. ఇప్పుడు తోచినా నా జట్టును మాత్రం మార్చలేదు.