ఓబులయ్య కుడి చెయ్యి

ఓబులయ్యకు కుడి ఎడమ తెలియదు. ఇది జమ్మలమడుగు చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతి. మందలో నూటపది గొర్రెలుంటే ఏ పిల్లకు ఏది తల్లో చెప్పగలడు గానీ, తనకున్న రెండు చేతుల్లో ఏది ఏదో మాత్రం చెప్పలేడు. పైగా అడగనివాళ్లకు కూడా దారి చెప్పడం ఆయనకు సరదా.

వేములలో మేనల్లుడి పెళ్లికి మగపెళ్లివాళ్లను ముందుండి నడిపించింది ఆయనే. ఎడమకు తిరగాల్సిన చోట కుడికి తిప్పి, పెళ్లికొడుకును ఎవరింట్లోనో కూర్చోబెట్టాడు. ఆ ఇంటివాళ్లు మర్యాదస్తులు. కాళ్లకు నీళ్లిచ్చి, టిఫిన్లు పెట్టి, ఆ తర్వాతే తమకు ఆడపిల్లలు లేరని మెల్లగా చెప్పారు. ఇంకోసారి మోకాలి నొప్పికి ప్రొద్దుటూరు పోయి, బాగున్న కాలికి కట్టు కట్టించుకుని వచ్చాడు.

ఇలాంటి మనిషి గొర్రెలు మేపేది ఎక్కడ? గండికోట దారి చీలే చోట. కుడికి పోతే కోట. ఎడమకు పోతే ఏటి ఒడ్డున గడ్డమీదిపల్లె.

ఆ పల్లెలో ఖమ్రున్నీసాకు చిన్న సంగటి హోటలు ఉండేది. తుపాను వానలకు పెన్న పొంగి హోటలునూ, ఊళ్లో సగం ఇళ్లనూ ఊడ్చుకుపోయింది. ఆమె మొండిగా నాలుగు రేకులు నిలబెట్టి మళ్లీ పొయ్యి వెలిగించింది గానీ, తినేవాళ్లేరి? ప్రొద్దుటూరులో ఉన్న తమ్ముడు అస్లాం వచ్చేయమని పోరుతున్నాడు. ఈ నెల చూసి పొయ్యి ఆర్పేద్దామనుకుంది. అనుకున్న రోజు అన్నం సయించలేదు.

ఆ వారంలోనే హైదరాబాదు కారొకటి వచ్చి ఆగింది. దిగినాయన కోట ఎక్కడని చిందులు తొక్కాడు. ఓబులయ్య ఎడమకు పొమ్మన్నాడట. ఖమ్రున్నీసా నవ్వాపుకుని, ఎట్లాగూ వచ్చారు, తిని పొమ్మంది. రెండో సంగటి ముద్దకు ఆయన కోపం చల్లారింది. చెయ్యి కడుక్కున్నాక కోట దారి ఆమే చూపించింది.

మర్నాడు మూడు కార్లు. ఆ పై వారం ఏకంగా బస్సు. వచ్చినవాళ్లు గోడల మీద వరద గీత పక్కన నిలబడి ఫోటోలు దిగారు. పల్లెలోని జమాల్ గాజుల బండి పెట్టాడు. వచ్చిపోయినవాళ్లు ఫోన్లలో ఏం రాశారో గానీ, ఒక బెంగళూరు కుటుంబం ఓబులయ్య దగ్గర కారాపి, తమను కూడా తప్పుదారి పట్టించమని వినయంగా అడిగింది. పల్లెలో ఇళ్లకు కప్పులు లేచాయి. అస్లామే ఆదివారాలు వచ్చి అక్కకు గిన్నెలు తోమసాగాడు.

అంతలో చీలిక దగ్గర ఎవరో కోట దారి చూపే బాణం గుర్తుతో బోర్డు పాతారని తెలిసింది. ఖమ్రున్నీసా పొయ్యి వదిలేసి పరుగెత్తింది. ఆయాసపడుతూ పోయి చూస్తే, బోర్డు మీద ఓబులయ్య గొంగడి ఆరేసి ఉంది. ఎండకు అది ఎప్పుడో ఆరిపోయింది.

"నీకు కుడి ఎడమ తెలీకపోవడం మా అదృష్టం అన్నా," అంది.

"తెలీదని ఎవురు చెప్పినారు?" ఓబులయ్య చెయ్యి చాపాడు. మణికట్టుకు ఎర్ర దారం. మొక్కు దారమని ఊరంతా అనుకునేది. "ఇది ఉండేది కుడి. మీ ఊరు మునిగినాక కట్టుకున్న్యా."

"ఎందుకన్నా?"

"కట్టకముందు నీ కాడికి పంపాలనుకోని, పొరపాటున సరైన దారి చెప్పేస్తాంటి. శానామంది కోటకు పోయినారు. ఆ దినం నీ పొయ్యిలో పొగ లెయ్యకపోయేది. ఈడికి కనపడతాదమ్మా."

అరవై ఏళ్లు అక్కర్లేని కుడి ఎడమలు ఆయన నేర్చుకున్నది తప్పు చెప్పడానికి.

కారొకటి వచ్చి ఆగింది. ఓబులయ్య దారం వంక ఒకసారి చూసుకుని, రెండో చెయ్యి చాపాడు. ఖమ్రున్నీసా వెనక తలుపు తీసింది.

"కోటకే గదప్పా? నేనూ ఆడికే. ఎడమకు పోనియ్యి," అని ఎక్కి కూర్చుంది.