రాకాసి మిట్టకు సున్నం

ఎస్తేరమ్మ చివరిసారిగా చేసిన పని సున్నం నానబెట్టడం. సమాధుల పండగకు ముందు రోజు సాయంత్రం పెరట్లో ఇనప బకెట్టు పెట్టి, సున్నపు రాళ్ళు వేసి నీళ్ళు పోసింది. అవి కుతకుతమని ఉడికి ఆవిరి చిమ్ముతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది. పైన పాత పీటను మూతగా వేసి, "ఏందయ్యా, దాంట్లో చెయ్యి పెట్టమాక. పోయినేడు మాదిరి బొబ్బలు తెచ్చుకుని నా పాణం తియ్యమాక" అని మొగుడితో చెప్పి లోపలికి పోయింది. తెల్లవారి లేవలేదు.

నాయుడుపేటలో ఆమెను ఎరిగినవాళ్ళకు ఆ సున్నం ఎవరికోసమో తెలుసు. కొంచెం ఆమె అమ్మానాన్నల సమాధులకు. మిగతాదంతా పేరూ ఊరూ తెలియని వాళ్ళకు.

మొగుడు హెబ్రోను ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. ఉద్యోగమంతా నిలబడే చేశాడు కనుక ఇక కూర్చోవడానికి తనకు హక్కుందని అతని వాదన. ఎస్తేరమ్మ బజారులో జాకెట్లు కుట్టేది. వారమంతా మిషను ముందు కూర్చునే పని కనుక ఆదివారం ఆరాధన అయిపోయాక నడవడానికి తనకు హక్కుందని ఆమె వాదన. ఈ రెండు హక్కుల తగాదాలో ఎప్పుడూ ఆమే గెలిచేది. అతను చెప్పులు ఈడ్చుకుంటూ వెనక నడిచేవాడు.

ఆమె నడిచేది పాతవాటిని చూడటానికి. స్వర్ణముఖి ఇసుకలో వరద పోయాక తేలే కుండపెంకులు, పొలం గట్టున సగం పాతుకుపోయిన కత్తివీరుడి రాయి, ఇట్టాంటివి. ఎక్కడ ఏముందో ఆమెకు చెప్పేది జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళే. ఇందుకూరుపేట పక్కన రొయ్యల గుంట తవ్వుతుంటే మూరెడు పొడవున్న పాత ఇటుకలు బయటపడ్డాయని ఒకావిడ చెబితే, రెండు బస్సులు మారి అక్కడికి పోయింది. తీరా పోయేసరికి ఇటుకలన్నీ పగలగొట్టి గట్టు కింద వేసేశారు. ఎస్తేరమ్మ ఆ గట్టు మీదే నిలబడి గుంట యజమానిని కడిగేసింది. ఆయన నవ్వుతూ సంచిలో రొయ్యలు పోసి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. హెబ్రోను పుచ్చుకుందామనే అనుకున్నాడు.

రాకాసి మిట్ట మాత్రం ఎవరూ చెబితే దొరికింది కాదు. వెంకటగిరి రోడ్డులో ఒకసారి హెబ్రోను బస్సు చెడిపోయింది. జనమంతా నీడ వెతుక్కుంటుంటే ఆమె రోడ్డు దిగి ఎర్రమట్టి దిబ్బ ఎక్కింది. పైన గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్ళు, ఒక్కో వలయం నడుమ నేలలోంచి తల పైకెత్తిన బండ. మేకలు కాచుకునే పేరమ్మ అక్కడే ఒక రాయికి ఆనుకుని వక్కాకు నములుతూ ఉంది.

"ఏందక్కా ఇయ్యి?"

"రాకాసి గుళ్ళు. రాకాసులు కట్టుకున్యారంట."

ఎస్తేరమ్మ బండ చుట్టూ తిరిగి చూసింది. "రాకాసులకి ఇంత ఓపిక యాడిది? ఇంత మర్యాదగా పేర్చేది మనుషులే. అదీ చచ్చినోళ్ళ కోసం."

తర్వాత నెల్లూరు నుంచి వచ్చిన చరిత్ర లెక్చరరు ఒకాయన కూడా అదే మాట అన్నాడు. ఇవి సమాధులేననీ, ఇనుము వాడటం కొత్తగా నేర్చిన కాలం నాటివనీ, క్రీస్తు పుట్టకముందువనీ చెప్పాడు. ఆ రోజు నుంచి ఎస్తేరమ్మ నోట రాకాసి గుళ్ళన్న మాట లేదు. "మనోళ్ళ కాడికి పోదాం లేవయ్యా" అనేది. షార్ నుంచి రాకెట్టు లేచే రోజయితే తప్పకుండా మిట్ట ఎక్కాల్సిందే. తూర్పున పొగ గీత పైకి పాకేది, ఆ తర్వాత కాళ్ళ కింద నేల అదిరేది. "వాళ్ళకీ వినపడుంటాది" అనేది, బండను అరచేత్తో తడుతూ.

కొన్నేళ్ళకు ఆ మిట్టకు గ్రావెల్ కోసం జేసీబీ వచ్చింది. తూర్పు సగం టిప్పర్లెక్కి లేఔట్లకు పోయింది, దాంతోపాటే కొన్ని వలయాలూ పోయాయి. హెబ్రోను అర్జీలు పెట్టాడు. ఈ ఆఫీసు వాళ్ళు ఆ ఆఫీసుకు పొమ్మన్నారు, ఆ ఆఫీసు వాళ్ళు సర్వే నంబరు తెమ్మన్నారు. ఇంతలో ఆ ఏటి సమాధుల పండగ ముందు రోజు వచ్చింది. శ్మశానంలో తన వాళ్ళ సమాధులకు వెల్ల వేసి వచ్చిన ఎస్తేరమ్మ బకెట్టు కింద పెట్టకుండానే, "పద" అంది.

పొద్దు గూకేలోగా మిగిలిన వలయాలన్నీ తెల్లబడ్డాయి. ఒక్కో బండ మీద బంతిపూలు, ఒక్కో బండ ముందు కొవ్వొత్తి.

పొద్దున జేసీబీ డ్రైవరు పెంచల్ మిట్ట ఎక్కి, ఆ తెలుపు చూసి, ఇంజను ఆపి దిగేశాడు. గ్రావెల్ కాంట్రాక్టరు హజరత్తయ్య బుల్లెట్టు మీద వచ్చాడు.

"ఎందుకురా ఆపినావు?"

"పండగ చేసిన సమాధులన్నా. నేను బకెట్టు దించను. ఇంట్లో పిలకాయలుండారు."

హజరత్తయ్య ఎస్తేరమ్మ వైపు తిరిగాడు. "ఏందమ్మా ఇది? ఈడ మీ సమాధులు యాడియి? నిన్నటిదాకా లేవే!"

"ఉండాయి. నీకు కనపళ్ళా. తెల్లగా ఉంటేగానీ నీ కంటికి ఆనవని కొట్టినా."

"ఎవరియి?"

"మనుషులియి. నీకంటే ముందొచ్చి పడుకున్నోళ్ళు."

"చచ్చి ఎన్ని వేలేండ్లయిందో! ఇంకా వాళ్ళకేం తెలస్తాది?"

"నీ పేరేంది నాయనా?"

"హజరత్తయ్య."

"ఎట్టా వచ్చింది ఆ పేరు?"

వెనక నుంచి పెంచలే అందుకున్నాడు. "దర్గాలో మొక్కుకుంటే పుట్టినాడమ్మా అన్న."

"దర్గాలో ఉండేదేంది? సమాధే గదా! సమాధికి మొక్కితే పుట్టినోడివి, సమాధులు పెళ్ళగిస్తావా? పో, ఇంటికిపోయి మీ అమ్మనడిగి రా. ఆమె తవ్వమంటే నేనే పార తెచ్చిస్తా."

అతను వాళ్ళమ్మను అడిగాడో లేదో తెలియదు గానీ ఆ రోజు జేసీబీ పడమటి వాలులోకి దిగిపోయింది. అప్పటినుంచీ అదే కొలత. రాళ్ళు తెల్లగా ఉన్నంతకాలం యంత్రం దూరంగా ఉండేది. వెల్ల మాసితే దగ్గరికి జరిగేది. అందుకే ఒక్క పండగనాడే కాదు, గట్టి వాన పడినప్పుడల్లా ఎస్తేరమ్మ కుంచె పట్టుకుని మిట్ట ఎక్కేది.

లెక్చరరుకు ఈ సంగతి తెలిసి కోప్పడ్డాడు. ప్రాచీన కట్టడాలకు సున్నం వెయ్యడం పెద్ద తప్పన్నాడు. ఆయన మాటా అబద్ధం కాదు. ఎస్తేరమ్మ కాదనలేదు కూడా. "తప్పేనయ్యా. రేపట్నుంచి మీరొచ్చి ఈడ కూర్చోండి, నేను సున్నం మానేస్తా" అంది. ఆయన మళ్ళీ రాలేదు. చర్చిలో అయ్యగారికి వేరే బాధ. "అన్యుల సమాధులు అవి. మనకెందుకమ్మా?" అని అడిగాడు.

"యేసయ్య పుట్టకముందే చచ్చినోళ్ళు అయ్యగారూ. ఆయన్ని నమ్ముకోలేదని వాళ్ళ మీద నేరం ఎట్టా మోపేది?"

మిట్టకు పోయేటప్పుడు సున్నం బకెట్టూ కుంచే ఆమె చేతిలో ఉండేవి. హెబ్రోను చేతికి గంజి డబ్బా ఇచ్చేది. అన్నం వార్చిన చిక్కటి గంజి. దాన్ని తీసుకుపోయి మిట్ట మీద పేరమ్మకు అప్పగించడం వరకే అతని పని. తర్వాత తాటిచెట్ల నీడలో తువ్వాలు పరుచుకుని పేపరు చదువుకునేవాడు. ఎంత పిలిచినా రాళ్ళ దగ్గరకు పోయేవాడు కాదు. ఆ డబ్బా అంటే అతనికి మంట. గంజి వార్చిన అన్నంలో సారం ఉండదని అతని నమ్మకం. ఉద్యోగం దిగిపోయిన ఏడు ఇంటికి కుక్కర్ కొని తెచ్చాడు. ఎస్తేరమ్మ దాన్ని అటక ఎక్కించింది. "అది కూతలు కూస్తా ఉంటే నాకు మిషను మీద చెయ్యి నిలవదు" అంది.

"నా కూట్లో సారమంతా తాగి పేరమ్మ మేకపిల్లలు బలిసినాయి" అని దారిపొడుగునా సణిగేవాడు.

"బలవనీలే, నీకొచ్చిన నష్టమేంది?" అని నవ్వేది ఆమె, ముందు నడుస్తూ.

ఆమె భూస్థాపన పండగ మర్నాడు జరిగింది. శ్మశానమంతా కొత్త వెల్లతో తెల్లగా ఉంది, ఆమె గుంట దగ్గర మట్టి ఒక్కటే ఎర్రగా ఉంది. అయ్యగారు మంచి మాటలే చెప్పాడు. విధేయురాలైన బిడ్డ అన్నాడు. ముందు వరసలో నిలబడిన హెబ్రోను తల పైకెత్తి, "అయ్యగారూ, ఆ ఒక్క మాట తీసెయ్యండి. ఆమె వింటే లేచి కూర్చుంటాది" అన్నాడు. కొందరు నవ్వారు. కూతురు కెజియా ఏడుస్తూనే నవ్వింది.

ఇంట్లోవాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక అయ్యీ కాకముందే అతను పెరట్లోకి పోయి పీట తీశాడు. సున్నం అడుగుకు దిగి మీగడలా పేరుకుని ఉంది. నీళ్ళు పోసి కలిపి, కుంచె తీసుకుని బయల్దేరాడు.

"నాన్నా, అమ్మ మీద మట్టి ఇంకా ఆరలేదు. ఇప్పుడా రాళ్ళ కాడికి పోతే జనం ఏమనుకుంటారు?" అంది కెజియా.

"మీ అమ్మ మిట్టకు పోయేటప్పుడు ఏమనుకునేవాళ్ళో అదే అనుకుంటారు."

బతుకులో మొదటిసారి అతను రాళ్ళ మీద చెయ్యి వేశాడు. వంగి, కూర్చుని, మోకాళ్ళ మీద పాకి, ఒక్క రాయి వదలకుండా వెల్ల వేశాడు. నడుం పట్టేసింది, వేళ్ళకు బొబ్బలెక్కాయి, తిట్టే మనిషి లేదు. దిగి వస్తూ వెనక్కి తిరిగి చూస్తే మిట్ట తెల్లగా మెరుస్తోంది. ఎస్తేరమ్మ కొట్టినంత తెల్లగా ఉందనుకున్నాడు.

కెజియా ఊరికి పోయాక అటక మీది కుక్కర్ దించాడు. కూత వచ్చినప్పుడల్లా ఎవరో తిడతారేమోనన్నట్టు వంటింటి గడప వైపు చూసేవాడు.

వాయుగుండం పట్టింది. రాత్రీ పగలూ వాన. తెరిపి ఇచ్చిన రోజు పొద్దున్నే పేరమ్మ ఎవరి ఫోనో అడిగి తీసుకుని మాట్లాడింది. "అయ్యా, మిషనొచ్చింది. తొందరగా రా."

ఆటో దిగి మిట్ట ఎక్కిన హెబ్రోనుకు మొదట తాను దారి తప్పానేమో అనిపించింది. తెలుపు లేదు. ఒక్క రాయికి కూడా లేదు. ఎర్రటి రాళ్ళ మొదళ్ళలో పాలు ఒలికినట్టు చారలు. మొదటి వలయం పక్కనే జేసీబీ గుర్రుమంటోంది.

హజరత్తయ్య ఎదురొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మ పోయిందంట గదా, విన్నా. మంచి మనిషి. నోరు పెద్దదే గానీ మంచి మనిషి."

"నోరే మంచిది" అన్నాడు హెబ్రోను.

"ఇంక నీకెందుకయ్యా ఈ పాట్లు? ఆమె ఉండంగా ఆమె మాట మీద ఆగినా. ఇప్పుడు చూడు, సున్నం లేదు, పూలు లేవు. ఉత్త రాళ్ళు."

హెబ్రోను అతన్ని దాటుకుని పోయాడు. జేసీబీ బకెట్టు ఎదురుగా ఉన్న బండ మీది తడిని తువ్వాలుతో తుడిచాడు. దాని మీద కూర్చున్నాడు.

"ఏందయ్యా ఇది? లెయ్యి."

"లెయ్యను. ఉద్యోగమంతా నిలబడే చేసినా. కూర్చునేదానికి నాకు హక్కుంది. యాడ కూర్చోవాలో ఇన్నాళ్ళూ తెలీలేదు, ఇప్పుడు తెలిసింది."

"ఎంతసేపు కూర్చుంటావు?"

"టిఫిను తినే వచ్చినా."

"రేపూ వస్తాం మేము."

"నేనూ వస్తా. పేపరు ఈడనే చదువుకుంటా. సున్నం పోతే పోనీ. నన్ను చూసి సమాధనుకో."

పెంచల్ పైనుంచి ఇద్దరినీ చూసి ఇంజను ఆపేశాడు. "అన్నా, బండ మీద మనిషుంటే నేను దించను" అని కేక వేసి బీడీ ముట్టించుకున్నాడు. హజరత్తయ్య కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఎవరికో ఫోను చేశాడు. కడకు, "మళ్ళీ వానొస్తాది, నువ్వే దిగిపోతావు" అని బుల్లెట్టు ఎక్కాడు. జేసీబీ వెనక్కి, పడమటి వాలులోకి జరిగింది.

హెబ్రోను దిగలేదు. పేరమ్మ మేకలను తోలుకుంటూ దగ్గరకొచ్చి, రాయి మొదట్లో తెల్లచారను గోటితో గీకింది. అది పిండిలా రాలిపోయింది.

"ఇదేందయ్యా, ఒక్క వానకే పోయింది? అమ్మ కొడితే ఎంత వానకైనా పట్టుకునుండేది. మాసేదిగానీ ఇట్టా కొట్టుకుపోయేది కాదు."

"నేనూ అదే సున్నం కొట్టినా. ఆమె చేత్తో నానబెట్టిందే."

"గంజి కలిపినావా?"

"గంజేంది?"

పేరమ్మ వక్కాకు నమలడం ఆపి అతని మొహంలోకి చూసింది. "నేను బకెట్టు పట్టుకుంటే అమ్మ గంజి పోసి కలిపేది. గంజి పడకపోతే సున్నం రాతికి పట్టదు గదయ్యా! ఇన్నేండ్లూ నీ చేత్తోనే తెచ్చిస్తివే, ఆ డబ్బా దేనికనుకున్యావు?"

మేకపిల్లలకనుకున్నాడు హెబ్రోను.