ఒక బొట్టు, మూడు తలుపులు

నార్సింగి విల్లాల పని మా కంపెనీకి వచ్చే సూచన కనబడింది కరోనా సద్దుమణిగి మాదాపూర్ ఆఫీసులు మళ్లీ నిండుతున్న ఏడాది, వేసవిలో. నేనప్పుడు ఆ ఇంటీరియర్ కంపెనీలో సీనియర్ డిజైనర్‌ని. నా పైన డిజైన్ హెడ్ కుర్చీ ఖాళీగా ఉంది. విల్లాలు వస్తే ఆ కుర్చీ నాదని, రాకపోతే బయటినుంచి ఎవరినో తెచ్చుకుంటామని మా డైరెక్టర్ మర్యాదగానే చెప్పారు. ఆయన భీమవరం మనిషి. ఎంత చేదు మాటకైనా చివర "అండి" తగిలిస్తారు.

మా కంపెనీలో ఒక ఆచారం ఉండేది. పెద్ద పని ఒప్పుకునే ముందు క్లయింటును డిజైనర్ సొంత ఇంటికి తీసుకెళ్లి చూపించాలి. దర్జీ తను కుట్టిన చొక్కా తాను తొడుక్కోవద్దా అని డైరెక్టర్ వాదన. దర్జీకేం, చొక్కా మార్చుకుంటే సరిపోతుంది. నేను ఇల్లు మార్చాలి. మార్కెట్లోకి కొత్త స్టైలు వచ్చినప్పుడల్లా అది ముందు మా హాల్లో దిగేది. డిజైనర్ల ఇళ్లు వాళ్ల అభిరుచితో పాటు ఎదుగుతాయని పత్రికల్లో రాస్తుంటారు. రాసేవాళ్లు ఆ ఇళ్లలో కాపురం చేసి ఉండరు.

నిజాంపేటలో కిరాయికి ఉన్నప్పుడు ఫాల్స్ సీలింగ్ కాలం. కప్పుకు మెట్లు మెట్లుగా ప్లాస్టర్, మెట్ల సందుల్లో నీలం లైట్లు. ఆ వెలుగులో పప్పు ఏ రంగులో ఉండేదో చెప్పను, మా ఆయన మాత్రం కళ్లు మూసుకుని తినేవారు. తర్వాత పల్లె సోకు వచ్చింది. ఎడ్ల బండి చక్రం మీద అద్దం బిగించి టీపాయ్ చేయించాను. మా అత్తగారిది నార్సింగే, అది ఊరుగా ఉన్నప్పటి మనిషి. ఆ చక్రాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఇసొంటివి మేము పొయ్యిల వెట్టినం. నువ్వు పైసలిచ్చి కొన్నవా?" అన్నారు.

నార్సింగిలో సొంత ఫ్లాట్‌కు మారేసరికి తెలుపు కాలం వచ్చింది. మినిమల్ అనేవాళ్లం. ఇంట్లో ఉన్న వస్తువేదీ కనబడకూడదన్నది దాని సారాంశం.

ఆ ఫ్లాట్ హాల్లో ఒకే వరసలో దేవుడి గది, స్టోర్ రూమ్, బాత్రూమ్ ఉన్నాయి. ఆ గోడంతా తెల్ల ప్యానెల్ వేయించి మూడు తలుపులనూ అందులో కలిపేశాను. కన్సీల్డ్ డోర్ అంటాం. చట్రం కనబడదు, హ్యాండిల్ ఉండదు. ప్యానెల్‌ను చేత్తో నొక్కితే వెనకున్న పుష్ క్యాచ్ వదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది. మళ్లీ నొక్కితే పట్టుకుంటుంది. లోపల గొళ్లెం కూడా లేదు. గొళ్లానికి చట్రం మీద పట్టీ కావాలి, పట్టీ పెడితే ప్యానెళ్ల మధ్య సందు సమంగా రాదు.

అత్తగారికి ఇవేవీ పట్టలేదు. "బాత్రూముకు పోవాలంటె గోడలు నొక్కుకుంట తిరుగుడేంది శైలజా? ఇది ఇల్లా, లిఫ్టా?" అనేవారు. గుర్తు కోసం దేవుడి గది ప్యానెల్ మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ఫొటోల వాళ్లు వచ్చినప్పుడల్లా నేను తుడిచేదాన్ని, ఆవిడ మళ్లీ పెట్టేవారు. చివరికి ఒకరోజు నోటీసు ఇచ్చారు. బాత్రూమ్‌కు గొళ్లెం పెట్టించకపోతే లింగంపల్లిలో కూతురింటికి పోతారట, ఎందుకొచ్చావని అడిగిన ప్రతి చుట్టానికీ కారణం విడమరిచి చెప్తారట. విల్లాల వాళ్లు చూసి వెళ్లేదాకా ఆగమని బతిమాలాను.

"సరే. వాళ్లు పోయిన తెల్లారి గొళ్లెం రావాలె. రాకుంటె నేను పోతా," అన్నారు.

విల్లాల యజమానురాలు ఒక సిద్ధాంతి గారిని వెంటబెట్టుకుని మా డైరెక్టర్‌తో కలిసి వచ్చారు. పొద్దున్నే నేను బొట్టు తుడిచేశాను. అందరం సోఫాల్లో కూర్చున్నాక చూస్తే గోడ మీద మళ్లీ బొట్టు, ఇంకా తడిగానే ఉంది. ప్యానెళ్లన్నీ ఒకేలా ఉండాలని గీసింది నేనే కాబట్టి, కూర్చున్న చోటినుంచి అది ఏ తలుపో నాకూ తెలియలేదు. యజమానురాలు మాత్రం మురిసిపోయారు. "ఇంత మాడర్న్ ఇంట్ల గూడ పద్ధతి మర్వలేదు," అన్నారు.

సిద్ధాంతి గారు దేవుడి గది దిక్కు చూస్తానని లేచారు. ఉత్తరీయం నడుముకు చుట్టుకుని, చేతులు జోడించి, కళ్లు మూసుకుని, జోడించిన చేతులతోనే బొట్టు దగ్గర నొక్కారు. తలుపు తెరుచుకుంది. లోపల మా అత్తగారు స్టూలు మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నారు.

"దండాలు తర్వాత వెడుదురు గని సామీ, జర ఆ తలుపు దగ్గరికెయ్యండి," అన్నారు.

పుష్ క్యాచ్‌కు ఒక గుణముంది. మెల్లగా మూస్తే పట్టుకుంటుంది, గట్టిగా మూస్తే అదే ఊపులో వదిలేస్తుంది. కంగారులో సిద్ధాంతి గారు గట్టిగా తోశారు. తెరుచుకుంది. ఇంకా గట్టిగా తోశారు. మళ్లీ తెరుచుకుంది. అప్పుడు మా డైరెక్టర్ పరుగున వెళ్లి అరచేత్తో తలుపు అదిమిపెట్టారు. అత్తగారి కాళ్లు కడగడం అయ్యేదాకా అలాగే నిలబడి, రెండో చేత్తో కిటికీ తెరలు చూపిస్తూ వాటి గుడ్డ గురించి వివరించారు.

అత్తగారు తీరిగ్గా బయటికి వచ్చారు. బాత్రూమ్‌కు బొట్టేమిటని యజమానురాలు అడిగారు.

"దేవునికి అర్జెంటుండదు బిడ్డా, నాకుంటది. గందుకే బొట్టు ఇటు మార్చిన."

కుర్చీ పోయిందనుకున్నాను. యజమానురాలు నవ్వలేదు. "మా అత్తమ్మది గూడ గిదే తిప్పల. మొన్న ఒక పెద్ద హోటల్ల బాత్రూం దొరకక పరేషానైంది," అని మా డైరెక్టర్ వైపు తిరిగారు. "మాకు గీ గోడే కావాలె. గీ బొట్టు గూడ."

పని వచ్చింది, నాకు పదవీ వచ్చింది. మర్నాడు మాట ప్రకారం వడ్రంగి వచ్చి గొళ్లెం బిగించాడు. సందు వంకర పోయింది. అత్తగారు లోపలికి వెళ్లి గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేసి, సర్దుకున్న సంచీ విప్పేశారు.

విల్లాలకు బొట్టును ఇత్తడి బిళ్లగా చేయించాం. నేను వర్కింగ్ డ్రాయింగులో, అంటే వడ్రంగి చేతికి వెళ్లే నక్షాలో, దాన్ని బాత్రూమ్ తలుపుకే చూపించాను. "ఒక్కదానికే పెడితే మిగతా రెండూ బోసిగా ఉండవా అండి?" అన్నారు మీటింగులో డైరెక్టర్. మూడింటికీ పెడితే ఇక పెట్టడం దేనికని నేను భోజనాల వేళ దాటేదాకా వాదించాను. ఆ మీటింగులో బాత్రూమ్‌కు అర్జెంటున్నవాళ్లెవరూ లేరు. మూడింటికీ పెట్టాలని తీర్మానించారు. డిజైన్ హెడ్‌గా నా మొదటి సంతకం దాని మీదే. రెండోది, డిజైనర్ల ఇళ్లు చూపించే ఆచారాన్ని రద్దు చేసిన కాగితం మీద. ఆ తర్వాత మా ఇంటికి కొత్త స్టైలేదీ రాలేదు.

మొదటి విల్లా గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. అదే సిద్ధాంతి గారు మూడు బొట్ల ముందు కలశంతో ఆగిపోయారు. "మీరే నొక్కండమ్మా," అన్నారు నాతో. నొక్కాను. స్టోర్ రూమ్.

ఈ ఉదంతం వల్ల నా పనిలో ఒక్కటే మారింది. క్లయింటు ఇంటికి వెళ్లినప్పుడు రంగులు, బడ్జెట్ అడిగే ముందు, ఈ ఇంట్లో అందరికంటే తొందరగా బాత్రూమ్‌కు వెళ్లాల్సిన మనిషి ఎవరని అడగడం మొదలుపెట్టాను. ముందు ఆ తలుపు గీసి, దానికి గొళ్లెం రాసి, తర్వాతే మిగతా ఇంటి జోలికి వెళ్తాను. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. ఆ ప్రశ్నకు చాలామంది నొచ్చుకున్నారు. జవాబు తెలియదన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.